పొగ ఒకరిది, రసాయనం ఇంకొకరిది, రాయి మరొకరిది: కార్బన్ నిల్వకు చేతులు కలపాల్సింది ఎవరు?

సున్నపురాయిని కాల్చి సున్నం చేయడం మన ఊళ్లకు కొత్త కాదు. బట్టీలో నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి వేస్తే చేతికి వచ్చే సున్నం 56 కిలోలే. మిగిలిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా మారి గాలిలో కలిసిపోతాయి. అది బట్టీ కట్టినవాడి తప్పు కాదు, ఆ రాయి గుణమే అంత. నంద్యాల, ఎర్రగుంట్ల, జగ్గయ్యపేట, మేళ్లచెరువు, తాండూరు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో రోజూ జరిగేది ఇదే. బట్టీని మండించే బొగ్గు పొగ దీనికి అదనం. సిమెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 60 శాతం సున్నపురాయి నుంచే వస్తుంది. రేపు ఆ ఫ్యాక్టరీలన్నీ బొగ్గు మానేసి సౌర విద్యుత్తుతో నడిచినా సగానికి పైగా వాయువు గొట్టంలోంచి వస్తూనే ఉంటుంది.

కరెంటు సంగతి వేరు. బొగ్గు ప్లాంటుకు బదులు సౌర, పవన విద్యుత్తు పెట్టుకోవచ్చు, పెడుతున్నాం కూడా. సిమెంటుకు అంత తేలికైన మార్గాంతరం లేదు. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపి క్లింకర్ (బట్టీలో కాలి వచ్చే గడ్డలు, వీటిని పొడి చేస్తేనే సిమెంటు) వాటాను బాగా తగ్గించే ఎల్‌సీ3 సిమెంటు ఒకటి ఉంది. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్, క్యూబా పరిశోధకులతో కలిసి మద్రాసు, ఢిల్లీ, బొంబాయి ఐఐటీలు దాని మీద ఏళ్ల తరబడి పనిచేశాయి. ఉద్గారాలు దానితో 40 శాతం దాకా తగ్గుతాయి. మిగిలిన దాన్ని ఏం చేయాలన్న ప్రశ్న దగ్గరే కార్బన్‌ను పట్టి నిల్వ చేసే సాంకేతికత అవసరమవుతుంది. బొగ్గు విద్యుత్తు ఆయుష్షు పెంచడానికి దీన్ని వాడతామంటే నాకు అభ్యంతరం ఉంది. సిమెంటు, ఉక్కు విషయంలో మాత్రం దీన్ని కాదనడానికి దారి కనిపించదు.

చెన్నైకి పై చదువుల కోసం వచ్చే తెలుగు పిల్లలు ఎప్పుడూ ఎక్కువే. వాళ్ల తల్లిదండ్రుల్లో కొందరు ఈ మధ్య అడుగుతున్నారు: "మా అమ్మాయికి కార్బన్ క్యాప్చర్ మీద పరిశోధనకు సీటు వచ్చిందండీ. ఆ సబ్జెక్టుకు భవిష్యత్తు ఉంటుందంటారా?" ఉంటుందనే నా నమ్మకం. అయితే ఆ భవిష్యత్తు ఆ అమ్మాయి ల్యాబులో కనిపెట్టే పదార్థం ఒక్కదాని మీదే ఆధారపడి లేదు. ఆ ల్యాబుకు సిమెంటు ఫ్యాక్టరీతో, చమురు బావుల సమాచారం ఉన్న సంస్థతో, ఖర్చు భరించే ప్రభుత్వంతో ఎలాంటి సంబంధం ఉందన్నది అంతకంటే ముఖ్యం. పొగ ఒకరి దగ్గర ఉంది, రసాయనం ఇంకొకరి దగ్గర, దాచగలిగే రాయి గురించిన సమాచారం మరొకరి దగ్గర. ఈ ముగ్గురూ ఒకేచోట కూర్చునేది చాలా అరుదు.

ల్యాబు సిలిండరు, బట్టీ పొగ

కార్బన్‌ను పట్టే రసాయనం పాతదే. అమీన్ (అమ్మోనియా జాతి రసాయనం) ద్రావణాలతో వాయువులను శుద్ధి చేసే పద్ధతికి అమెరికాలో 1930లోనే పేటెంటు వచ్చింది. ఎత్తయిన స్తంభంలో పైనుంచి అమీన్ కలిపిన నీళ్లు జారుతుంటాయి, కింది నుంచి పొగ ఎక్కుతుంటుంది. 40 డిగ్రీల దగ్గర అమీన్ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేసుకుంటుంది. ఆ ద్రావణాన్ని రెండో స్తంభానికి పంపి 120 డిగ్రీల దాకా వేడి చేస్తే పట్టుకున్న వాయువును వదిలేసి మళ్లీ మొదటి స్తంభంలో పనికొస్తుంది. ఖర్చంతా ఆ వేడి దగ్గరే ఉంది. పాత తరహా అమీన్‌తో టన్ను వాయువును విడిపించడానికి దాదాపు 3.5 గిగాజౌళ్ల వేడి కావాలి. బొగ్గు విద్యుత్ కేంద్రంలో ఈ యంత్రాంగం పెడితే అక్కడ తయారయ్యే కరెంటులో ఐదో వంతు, ఒక్కోసారి నాలుగో వంతు దీనికే పోతుంది. సిమెంటు ఫ్యాక్టరీలో చిక్కు ఇంకా ఎక్కువ. విద్యుత్ కేంద్రంలో ఉన్నంత ఆవిరి అక్కడ ఉండదు. బట్టీ నుంచి వృథాగా పోయే వేడిని ఒడిసిపట్టుకోవాలి, చాలకపోతే కొత్త బాయిలరు పెట్టుకోవాలి.

ల్యాబులో పరిశోధక విద్యార్థి వాడేది సిలిండరులోంచి వచ్చే శుభ్రమైన వాయువు. బట్టీ పొగ అలా ఉండదు. అందులో సన్నటి దుమ్ము ఉంటుంది, గంధకం, నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి, ఆక్సిజన్ ఉంటుంది. గంధకం ఆక్సైడ్లు అమీన్‌తో కలిస్తే రెండో స్తంభంలోని వేడికి కూడా విడిపోని లవణాలు తయారవుతాయి. ఆక్సిజన్ ద్రావణాన్ని కొద్దికొద్దిగా చెడగొడుతుంది. చెడిన ద్రావణం నురగ కడుతుంది, ఉక్కు గొట్టాలను తినేస్తుంది. కొన్ని గంటల ప్రయోగంలో చక్కగా పనిచేసిన ద్రావణం కొన్ని నెలల తర్వాత ఏమవుతుందో తెలియాలంటే నిజమైన పొగ మీద నడిపి చూడాల్సిందే.

ఆ పొగ కావాలంటే ఫ్యాక్టరీ గేటు తెరవాలి. ప్లాంటు మేనేజరు లెక్క రోజుకు ఎన్ని టన్నుల క్లింకర్ అన్నది. ఆయన పొగగొట్టానికి పక్క నుంచి మరో గొట్టం బిగించినప్పుడు బట్టీ ఆగితే ఆ నష్టం ఎవరు భరించాలి? పరిశోధకురాలికి నాలుగైదేళ్లలో పత్రాలు ప్రచురితం కావాలి, కంపెనీకి ఫలితాలు బయటికి పొక్కకూడదు. కనిపెట్టింది పేటెంటు అయితే హక్కు ఎవరిది? వేదిక మీద దండలు మార్చుకుని అవగాహన ఒప్పందం చదివేటప్పుడు ఈ ప్రశ్నలు వినిపించవు. వీటికి కాగితం మీద జవాబులు రాసుకున్న రోజే భాగస్వామ్యం మొదలైనట్టు.

ఈ దృష్టితో చూస్తే 2025 మేలో కేంద్ర సైన్స్, టెక్నాలజీ విభాగం ప్రకటించిన, కార్బన్‌ను పట్టి వాడుకునే పద్ధతులను పరీక్షించే ఐదు కేంద్రాలు నాకు చాలా ముఖ్యమైనవిగా కనిపిస్తాయి. ఐదూ సిమెంటు రంగానివే. ప్రతిదానిలో ఒక విద్యా సంస్థనో పరిశోధన సంస్థనో ఒక సిమెంటు కంపెనీతో జత కట్టారు. వాటిలో ఒకదాన్ని మన ఏర్పేడు దగ్గరున్న ఐఐటీ తిరుపతి, బెంగళూరు ఐఐఎస్సీ, దేహ్రాదూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం కలిసి జేఎస్‌డబ్ల్యూ సిమెంటుతో చేపట్టాయి. బట్టీ వాయువులోంచి కార్బన్ డయాక్సైడ్‌ను శూన్యపీడన పద్ధతిలో వేరుచేసి, దాన్ని నిర్మాణ సామగ్రిలోకి ఎక్కించడం వాటి పని. ఇంకొకటి ఐఐటీ మద్రాసు, గోవాలోని బిట్స్ పిలానీ ప్రాంగణం కలిసి అల్ట్రాటెక్‌తో చేస్తున్నది. ఇవి ఫలించినా ఫలించకపోయినా విద్యార్థులు ఫ్యాక్టరీ దుమ్ములో నిలబడి నేర్చుకుంటారు. ఆ అనుభవం ల్యాబులో కూర్చుంటే రాదు.

నార్వే ఇదే పని మనకంటే ముందు మొదలుపెట్టి ఓపికగా చేసింది. బ్రెవిక్ అనే ఊళ్లోని సిమెంటు ఫ్యాక్టరీలో రకరకాల పద్ధతులను ఏళ్ల తరబడి అసలు బట్టీ పొగ మీదే పరీక్షించారు. చివరికి అమీన్ పద్ధతిని ఎంచుకుని, ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టే ప్లాంటును 2025 జూన్‌లో ప్రారంభించారు. ఆ ఫ్యాక్టరీ మొత్తం ఉద్గారాల్లో అది సగమే. వృథాగా పోయే వేడి ఎంత దొరుకుతుందో చూసుకుని దానికి తగ్గట్టు ప్లాంటు పరిమాణాన్ని నిర్ణయించారు. పట్టిన వాయువు ఓడల్లో తీరానికి వెళ్లి, అక్కడి నుంచి గొట్టం ద్వారా సముద్రగర్భంలో 2,600 మీటర్ల లోతుకు చేరుతుంది. ఆ నిల్వ ఏర్పాటు మూడు చమురు కంపెనీల ఉమ్మడి సంస్థది. మొత్తం పథకం ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు ప్రభుత్వం భరించింది. ఇన్ని చేతులు పడితేగాని ఒక్క ఫ్యాక్టరీలో సగం పొగ ఆగలేదు.

వాడుకోవడం వేరు, దాచడం వేరు

ఈ రంగంలో అందరినీ తికమక పెట్టేది ఇదే. వార్తల్లో రెండూ ఒకే గాటన కట్టేస్తారు.

తమిళనాడులోని తూత్తుకుడిలో ఒక క్షార రసాయనాల ఫ్యాక్టరీ ఉంది. అక్కడి బాయిలరు పొగ నుంచి ఏడాదికి 60,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టేలా కట్టిన ప్లాంటు 2016లో పని మొదలుపెట్టింది. ఆ సాంకేతికత ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివిన ఇద్దరు యువకులు 2009లో స్థాపించిన కార్బన్ క్లీన్ కంపెనీది. ప్రభుత్వ సబ్సిడీ లేకుండా నడవడం వల్ల ప్రపంచమంతా దాని గురించి మాట్లాడింది. అది నిలదొక్కుకోవడానికి కారణం స్పష్టమే: పొగ ఉన్న చోటే ఆ వాయువును డబ్బిచ్చి కొనే అవసరం కూడా ఉంది. సోడా యాష్ తయారీకి కార్బన్ డయాక్సైడ్ ముడిసరుకు. కానీ ఆ సోడా యాష్ గాజు ఫ్యాక్టరీకి వెళ్లి కొలిమిలో కరిగినప్పుడు ఆ కార్బన్ తిరిగి గాలిలోకి పోతుంది. యూరియా సంగతీ అంతే. పొలంలో చల్లగానే అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి వచ్చేస్తుంది.

బెంగళూరులోని జవాహర్‌లాల్ నెహ్రూ అధునాతన విజ్ఞాన పరిశోధన కేంద్రం చేస్తున్న పనిని కూడా ఈ లెక్కతోనే చూడాలి. కార్బన్‌ను పట్టి వాడుకునే పరిశోధనకు 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన రెండు జాతీయ కేంద్రాల్లో ఒకటి అక్కడిది, రెండోది ఐఐటీ బొంబాయిది. బెంగళూరు కేంద్రంలో పుట్టిన బ్రీత్ అప్లైడ్ సైన్సెస్ అనే అంకుర సంస్థ కార్బన్ డయాక్సైడ్‌ను మిథనాల్‌గా మార్చే ఉత్ప్రేరకాల మీద పనిచేసి అంతర్జాతీయ పోటీలో తుది దశకు చేరింది. మంచి విజ్ఞానం, అందులో సందేహం లేదు. అయితే మిథనాల్‌ను ఇంధనంగా మండించగానే ఆ వాయువు తిరిగి వచ్చేస్తుంది. పైగా దాన్ని తయారుచేయడానికి కావలసిన హైడ్రోజన్‌ను స్వచ్ఛమైన కరెంటుతో చేయకపోతే లాభం కన్నా నష్టమే ఎక్కువ. అలాగని అది వ్యర్థమని కాదు. ఒకే కార్బన్‌ను రెండుసార్లు వాడుకున్నట్టు అవుతుంది, కొంత శిలాజ ఇంధనం మిగులుతుంది. కానీ దాన్ని శాశ్వత నిల్వ ఖాతాలో రాయకూడదు.

మధ్యేమార్గం ఐఐఎస్సీలోని సుస్థిర సాంకేతికతల కేంద్రంలో జరుగుతున్న పనిలో కనిపిస్తుంది. పునాదుల కోసం తవ్వి పారేసే మట్టి, కూల్చిన భవనాల శిథిలాలు ఇసుకకు బదులు కలిపి, ఆ మిశ్రమంలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తే అది కార్బొనేట్ ఖనిజంగా గట్టిపడుతుందనీ, ఇటుక బలం కూడా పెరుగుతుందనీ అక్కడి పరిశోధకులు చూపించారు. అలా ఖనిజమైన కార్బన్ సులభంగా వదలదు. బెంగళూరు, చెన్నై లాంటి నగరాల్లో తవ్విన మట్టికి, శిథిలాలకు కరవు లేదు, ఇసుకకు మాత్రం ఉంది. అందువల్ల ఈ పని నాకు మిథనాల్ కంటే ఎక్కువ ఆశ కలిగిస్తోంది. దీనికి కావలసిన భాగస్వాములు చమురు కంపెనీలు కాదు, నగరపాలక సంస్థలు, బిల్డర్లు, ఇటుకలు చేసే చిన్న పరిశ్రమలు.

ఎంత వాడుకున్నా వాడకానికి ఒక హద్దు ఉంది. ప్రపంచంలో ఇంధనాల నుంచి ఏటా వెలువడే కార్బన్ డయాక్సైడ్ 3,700 కోట్ల టన్నుల పైమాటే. ఇప్పుడు ప్రపంచంలోని ప్లాంట్లన్నీ కలిపి పట్టగలిగేది దాదాపు 5 కోట్ల టన్నులు. ఈ తేడాలో చిన్న ముక్కను పూడ్చాలన్నా భూమి లోపల దాచాల్సిందే.

కింద ఏముందో తెలిసినవాళ్లు

800 మీటర్లకు మించిన లోతులో ఉండే వేడికి, ఒత్తిడికి కార్బన్ డయాక్సైడ్ విచిత్రమైన స్థితికి చేరుతుంది. 31 డిగ్రీలు, వాతావరణ పీడనానికి 73 రెట్ల ఒత్తిడి దాటితే అది వాయువులా సందుల్లోకి దూరుతూనే ద్రవానికి దగ్గరి సాంద్రతతో ఉంటుంది. తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది. సూక్ష్మరంధ్రాలున్న ఇసుకరాయి, దానిలో తాగడానికి పనికిరాని ఉప్పునీరు, దానిపైన నీరు కూడా చొరబడని మందమైన మట్టిరాయి పొర కావాలి. ఉత్తర సముద్రంలో నార్వేకు చెందిన స్లైప్‌నర్ సహజవాయు క్షేత్రంలో 1996 నుంచి ఇలాగే దాస్తున్నారు. ఆ దేశం 1991లో వేసిన కార్బన్ పన్ను తప్పించుకోవడానికి కంపెనీ ఎంచుకున్న దారి అది.

మన దేశంలో ఇలాంటి నిల్వకు 39,500 కోట్ల నుంచి 61,400 కోట్ల టన్నుల దాకా చోటుందని ఐఐటీ బొంబాయి పరిశోధకులు 2021లో అంచనా కట్టారు. అందులో పెద్ద భాగం ఉప్పునీటి పొరలది, తర్వాతి వాటా నల్లరాయిది, అంటే బసాల్టుది. 2022 నవంబరులో నీతి ఆయోగ్ నివేదిక వచ్చాక ఇలాంటి అంకెలు ప్రసంగాల్లో బాగా నలిగాయి. అయితే ఇవి సిద్ధాంతపరమైన అంచనాలు. బావి తవ్వి, కొంత వాయువు ఎక్కించి, ఒత్తిడి ఎలా పెరుగుతోందో చూస్తే తప్ప ఏ పొర ఎంత పడుతుందో నమ్మకంగా చెప్పలేం. చమురు, వాయువు తీస్తున్న కృష్ణా-గోదావరి, కావేరి లాంటి బేసిన్లలో (మట్టి, ఇసుక పొరలు లోతుగా పేరుకున్న చోట్ల) మాత్రం దశాబ్దాలుగా తవ్విన బావుల రికార్డులు, భూకంప తరంగాల సర్వేలు ఉన్నాయి. అవి చమురు కంపెనీల దగ్గర, ప్రభుత్వ డేటా భాండాగారంలో ఉన్నాయి. చెన్నైలో కావేరి బేసిన్ మీద కంప్యూటర్ నమూనా తయారుచేసే విద్యార్థికి అవి ఎంత తేలిగ్గా అందుతాయన్నదే ఆ పరిశోధన విలువను నిర్ణయిస్తుంది. స్లైప్‌నర్ క్షేత్రం సర్వే సమాచారాన్ని నార్వే ప్రపంచ పరిశోధకులందరికీ తెరిచింది. ఈ రంగంలో చదువుకునే విద్యార్థులు ఎక్కడివారైనా దాని మీద సాధన చేయగలుగుతున్నారు. మన బేసిన్ల మీద అలాంటి ఒక్క సమగ్ర డేటాను తెరిస్తే పది ఒప్పందాల పెట్టు.

నల్లరాయి కథ వేరు. ఐస్‌లాండ్‌లో విద్యుత్ సంస్థ, ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్ జాతీయ పరిశోధన సంస్థ కలిసి 2007లో కార్బ్‌ఫిక్స్ మొదలుపెట్టాయి. కార్బన్ డయాక్సైడ్‌ను గోలీసోడాలా నీళ్లలో కరిగించి 2012లో బసాల్టులోకి పంపారు. ఆ పుల్లటి నీరు రాతిలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కరిగించుకుంది, వాటితో కలిసి కార్బన్ డయాక్సైడ్ ఖనిజంగా గడ్డకట్టింది. రెండేళ్లు తిరక్కుండానే 95 శాతానికి పైగా రాయిగా మారిందని 2016లో ప్రకటించారు. ఈ పని ప్రకృతి కూడా తన తీరులో చేస్తుంది. సేలం దగ్గర తెల్లగా మెరిసే మ్యాగ్నసైట్ గుట్టలు అలాంటి రసాయన చర్య మిగిల్చినవే. కాకపోతే ప్రకృతికి తొందర లేదు.

దక్కను బసాల్టు మనకు దగ్గరే ఉంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలతో కలిసి దీని మీద 2000 దశకంలోనే అధ్యయనం మొదలుపెట్టింది. తాండూరు సిమెంటు ఫ్యాక్టరీల పక్కనే వికారాబాద్ నల్లరాతి పీఠభూమి ఉంది కదా అని తెలంగాణ మిత్రులు ఉత్సాహపడుతుంటారు. అక్కడ రెండు చిక్కులు ఉన్నాయి. ఆ ప్రాంతం లావా విస్తరించిన అంచు కాబట్టి పొరలు పలుచన. పైగా ఐస్‌లాండ్ పద్ధతిలో టన్ను వాయువుకు దాదాపు 25 టన్నుల నీరు కావాలి. ఎండాకాలం బోర్లు ఎండిపోయే నేల మీద ఆ లెక్క ఎలా కుదురుతుందో ముందుగా తేల్చుకోవాలి. ఇంకో దేశంలో విజయవంతమైన పద్ధతిని మోసుకొచ్చేటప్పుడు ఇక్కడి నేల తెలిసినవాళ్లు పక్కన ఉండాలనేది ఇందుకే.

బంగాళాఖాతం మీద ఐఐటీ మద్రాసు కెమికల్ ఇంజినీరింగ్ పరిశోధకులు చేస్తున్న పని కూడా గమనించదగినది. 500 మీటర్లకు మించిన సముద్రపు లోతులో చలి, ఒత్తిడి కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను మంచులాంటి ఘనపదార్థంగా బంధిస్తాయి. దాన్ని హైడ్రేట్ అంటారు. ఒక్క బంగాళాఖాతంలోనే పదుల వేల కోట్ల టన్నులు దాచే అవకాశం ఉండొచ్చని వాళ్ల అంచనా. 2006లో పరిశోధక నౌక కృష్ణా-గోదావరి తీరంలో తవ్వినప్పుడు మీథేన్ హైడ్రేట్లు మందంగా బయటపడ్డాయి. మీథేన్‌ను తీసి ఆ స్థానంలో కార్బన్ డయాక్సైడ్ నింపవచ్చా అన్నది అప్పటి నుంచీ శాస్త్రవేత్తలను ఊరిస్తున్న ఆలోచన. ల్యాబులోని ఒత్తిడి పాత్రకు, సముద్రగర్భానికి మధ్య దూరం మాత్రం చాలా ఉంది. ఆ దూరం దాటడానికి పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతికత సంస్థ లాంటి చోట లోతు సముద్రంలో పనిచేసిన అనుభవం కావాలి. అది ఐఐటీకి పెద్ద దూరమేమీ కాదు.

చదువు ఎక్కడ తెగిపోతోంది

కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థి స్తంభం లోపలి సంగతి చదువుతాడు, బావి సంగతి చదవడు. భూగర్భశాస్త్ర విద్యార్థిని రాతి పొరలు చదువుతుంది, ఆ రాతిలోకి వెళ్లే వాయువులో ఏ మలినం ఎంత ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పరు. వాయువులో తేమ మిగిలితే గొట్టం తుప్పు పడుతుంది, ఆక్సిజన్ మిగిలితే రాతిలో వేరే చర్యలు మొదలవుతాయి. ఒకరి పాఠం ముగిసినచోటే రెండోవారి సమస్య మొదలవుతుంది. రెంటినీ కలిపి చెప్పే చోటు మన కళాశాలల్లో దాదాపు లేదు.

కార్బ్‌ఫిక్స్ మొదలైనప్పుడే యువ శాస్త్రవేత్తలను తయారుచేయడాన్ని తన లక్ష్యాల్లో ఒకటిగా రాసుకుంది. బావి దగ్గర నమూనాలు తీసిన పీహెచ్‌డీ విద్యార్థులే తర్వాత ఆ రంగానికి నాయకులయ్యారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ అనుబంధ కార్యక్రమం 2007 నుంచి నడుపుతున్న వేసవి పాఠశాలలో రసాయనం, భూగర్భం, చట్టం, అర్థశాస్త్రం చదివినవాళ్లను ఒకే బృందంలో కూర్చోబెడతారు. కెనడాలోని బౌండరీ డ్యామ్ బొగ్గు ప్లాంటు 2014లో మొదలై చాలాకాలం అనుకున్నంత వాయువు పట్టలేకపోయింది. ఎక్కడెక్కడ ఏం చెడిందో ఇతరులకు నేర్పడానికి 2016లో అక్కడ ఒక విజ్ఞాన కేంద్రం పెట్టారు. వైఫల్యాన్ని పాఠ్యాంశం చేయడం నాకు ఎంతో నచ్చిన విషయం.

యూరప్ దేశాలు నడిపిన ఏసీటీ అనే ఉమ్మడి పరిశోధన కార్యక్రమంలో మూడో విడత నుంచి మన దేశమూ చేరింది. 2026-27 కేంద్ర బడ్జెట్‌లో కార్బన్‌ను పట్టి, వాడి, నిల్వ చేసే సాంకేతికతకు ఐదేళ్లలో 20,000 కోట్ల రూపాయలు కేటాయిస్తామన్నారు. ఇంత డబ్బు యంత్రాలకే పోతే పని చేతకాని చేతుల్లో ఆ యంత్రాలు మూలపడతాయి. తెలుగునాట పునాది లేకపోలేదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి భూభౌతిక శాస్త్రంలో పాత పేరుంది. అక్కడే 2016లో పెట్రోలియం, ఇంధన విద్యా సంస్థ వచ్చింది. కాకినాడ జేఎన్‌టీయూలో పెట్రోలియం ఇంజినీరింగ్ ఉంది. కొత్తగూడెంలోని పాత గనుల కళాశాలను తెలంగాణ 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మార్చింది. వీటిలో చదివిన పిల్లలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం చెన్నై, బెంగళూరు రైళ్లు ఎక్కుతున్నారంటే తప్పు వాళ్లది కాదు, వాళ్ల చదువును పిలిచే పని ఇక్కడ కనిపించకపోవడమే కారణం. చెన్నై, తిరుపతి ఐఐటీల పరీక్షా కేంద్రాలు ఈ కళాశాలల విద్యార్థులకు ఒక సెమిస్టరు తలుపు తెరిస్తే చాలా మారుతుంది.

కోనసీమను అడగకుండా

భాగస్వాముల జాబితాల్లో ఎప్పుడూ కనిపించని పేరు ఒకటుంది: ఆ నేల మీద ఉండే జనం. రేపు కృష్ణా-గోదావరి బేసిన్‌లో కార్బన్ డయాక్సైడ్ నిల్వ చేస్తామంటే కోనసీమ వాళ్లకు మొదట గుర్తొచ్చేది 1995లో పాశర్లపూడిలో వారాల తరబడి మండిన బావి, 2014లో నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఊరి మీద పడిన మంట. కార్బన్ డయాక్సైడ్ మండదు కదా అని నిపుణులు అనవచ్చు. నిజమే, మండదు. కానీ గాలికన్నా బరువైనది కాబట్టి పల్లపు చోట్ల పేరుకుని ఊపిరి ఆడనివ్వదు. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో సటార్షియా దగ్గర కార్బన్ డయాక్సైడ్ పైపులైను పగిలినప్పుడు కార్ల ఇంజిన్లు ఆగిపోయాయి, 40 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, ఊరు ఖాళీ చేయాల్సి వచ్చింది. నెదర్లాండ్స్‌లోని బారెండ్రెక్ట్ పట్టణం కింద వాయువు దాచాలన్న పథకాన్ని స్థానికులు ఒప్పుకోకపోవడంతో ప్రభుత్వం 2010లో విరమించుకుంది. సాంకేతికంగా అది సరైన చోటే. అడిగిన తీరు, అడిగిన సమయం సరైనవి కావు.

బావి మూసేశాక ఏళ్ల తరబడి దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఎవరన్న ప్రశ్న అన్నిటికన్నా పెద్దది. యూరప్‌లో 2009 నాటి చట్టం ప్రకారం నిల్వ ముగిశాక సాధారణంగా కనీసం 20 ఏళ్లు కంపెనీయే బాధ్యత వహించాలి, అంతా స్థిరంగా ఉందని తేలాకే ప్రభుత్వం స్వీకరిస్తుంది. కంపెనీలు చేతులు మారతాయి, ప్రాజెక్టులకు గడువు తీరుతుంది, ప్రొఫెసర్లు రిటైరవుతారు. అంతకాలం ఉన్నచోటే ఉండేవి ఆ జిల్లాలోని కళాశాలలు, ఆ ఊళ్లు మాత్రమే. అందుకని గోదావరి తీరంలో మొదటి ప్రయోగ బావి తవ్వేముందు రాసుకునే ఒప్పందంలోనే ఒత్తిడి, నేల వాయువు, బోరు నీటి కొలతలు ప్రతి నెలా తీసి, స్థానిక కళాశాల పేరు మీద, తెలుగులో, అందరికీ కనిపించేలా ప్రచురించే బాధ్యతనూ, దానికయ్యే నిధినీ రాసి ఉంచాలి. ఆ కొలతలు బావిలో వాయువు ఎక్కించడానికి కనీసం ఏడాది ముందే మొదలుకావాలి. లేకపోతే తర్వాత వచ్చే అంకెలను దేనితో పోల్చి చూడాలో ఎవరికీ తెలియదు.